రోబోలతో ఏఐ, కంప్యూటింగ్ పాఠాలు: హైదరాబాద్ కాలేజీల అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీటెక్‌లో సీఎస్‌ఈ, సీఎస్‌ఎం (ఏఐ, మెషీన్ లెర్నింగ్) బ్రాంచీలకూ, బీఎస్సీ, బీసీఏ కోర్సులకూ ఏఐ చెప్పేవాళ్ల కోసం ఈ పేజీ. రెండు మోటార్ల చిన్న బండి, దాని మీద మూడు నాలుగు సెన్సర్లు. ఇంత సరంజామాతో ఏ పాఠాలు బాగా చెప్పొచ్చు, ఎంత ఖర్చవుతుంది, పని ఎక్కడ ఆగిపోతుంది అన్నవే ఇక్కడి జవాబులు.

ఏఐ అంతా సాఫ్ట్‌వేరే కదా, రోబో ఎందుకు?

పుస్తకంలో ఏఐ సమస్య మన చేతికి వచ్చేసరికే సగం పని ఎవరో చేసి పెట్టి ఉంటారు. ఎనిమిది పలకల పజిల్‌లో ఏ పలక ఎక్కడుందో ప్రోగ్రాముకు ముందే తెలుసు. "కుడికి జరుపు" అంటే పలక కుడికే జరుగుతుంది. బండికి ఈ రెండు హామీలూ ఉండవు. తానెక్కడుందో సెన్సర్ రీడింగులను బట్టి అంచనా వేసుకోవాలి. 30 సెంటీమీటర్లు పొమ్మంటే 28 పోవచ్చు, 31 పోవచ్చు. స్థితి, అనిశ్చితి, ఖర్చు, శిక్షణ డేటా అని విద్యార్థులు నిర్వచనాలుగా బట్టీపట్టే మాటలన్నీ బండి ముందు కూర్చున్నాక వాళ్ల సొంత సమస్యలవుతాయి. రోబోను ల్యాబ్‌లోకి తేవడానికి గట్టి కారణం ఇదొక్కటే.

ఏఐకి రోబోలతో సంబంధం ఇప్పటిది కాదు. 1966 నుంచి 1972 దాకా కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబో మీద పని జరిగింది. తక్కువ ఖర్చు దారిని కనిపెట్టే, మన సిలబస్‌లోని ఏ-స్టార్ అల్గారిథమ్‌ను హార్ట్, నిల్సన్, రఫేల్ 1968లో ప్రచురించింది ఆ రోబోకు దారి వెతికే పనిలోనే.

అయితే అన్ని యూనిట్లకూ రోబో వాడాలా?

వద్దు. సార్టింగ్, లింక్డ్ లిస్టులు, ప్రొపొజిషనల్ లాజిక్, మినీమాక్స్ నల్లబల్ల మీద, కంప్యూటర్ మీద చెబితేనే బాగుంటాయి. కేవలం ఇఫ్-ఎల్స్‌తో గీత వెంట నడిచే లైన్ ఫాలోవర్ చేయించి దానికి ఏఐ అని పేరు పెట్టడం కూడా సరికాదు. అది మంచి కంట్రోల్ పాఠం, అంతవరకే.

రోబోలు పెడితే మార్కులు పెరుగుతాయా?

గ్యారంటీ లేదు. దీని మీద బాగా తెలిసిన అధ్యయనం అమెరికా వైమానిక దళ అకాడమీలో జరిగింది. 2000-01లో అక్కడ తొలి కంప్యూటింగ్ కోర్సును కొన్ని సెక్షన్లకు లెగో మైండ్‌స్టార్మ్స్ రోబోలతో, మిగతా సెక్షన్లకు మామూలు పద్ధతిలో చెప్పారు. పరీక్షల్లో రోబో సెక్షన్లకే మార్కులు తగ్గాయి. రోబోలు ల్యాబ్‌లోనే ఉండిపోవడంతో విద్యార్థి గదికి వెళ్లాక రాసిన ప్రోగ్రామును నడిపి, తప్పు చూసి, దిద్దుకునే వీల్లేకపోయిందని ఆ పని చేసిన ఫేగిన్, మెర్కిల్ 2003లో వివరించారు. రోబోను కంప్యూటర్‌లోనే అనుకరించే సిమ్యులేటర్ ఉంటే ఆ లోటు తీరేదని వాళ్ల అభిప్రాయం.

2006లో జార్జియా టెక్, బ్రిన్ మార్ కాలేజీ కలిసి మొదలుపెట్టిన కార్యక్రమం దీనికి ఎదురు దారి పట్టింది. అక్కడ విద్యార్థి చేతికే ఒక చిన్న రోబో ఇచ్చారు, పైథాన్‌తో నడిపించారు. బీరువాలో తాళం వేసి వారానికోసారి తీసే రోబో వల్ల చదువు ముందుకు సాగదని ఈ రెండింటినీ పక్కపక్కన చూస్తే అర్థమవుతుంది. కాబట్టి కొనేముందే రెండు ఏర్పాట్లు చేయండి: ల్యాబ్ వేళలు అయ్యాక కూడా బండి ఇచ్చే రిజిస్టరు, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నడిచే సిమ్యులేటర్. ఈ రెండూ కుదరకపోతే రోబోల ఖర్చు వాయిదా వేయడమే మంచిది.

60 మంది సెక్షన్‌కు ఎన్ని బండ్లు కావాలి?

పన్నెండు. సెక్షన్‌ను 30 మంది చొప్పున రెండు బ్యాచ్‌లు చేస్తే, ముగ్గురికి ఒకటి చొప్పున పది బండ్లు, మరమ్మతుకు పోయేవాటి బదులు రెండు. నలుగురు ఉన్న గ్రూపులో ఒకరు చూస్తూ కూర్చుంటారు. ముగ్గురిలో ఒకరు కోడ్, ఒకరు బండి, ఒకరు లాగ్ ఫైలు (బండి రీడింగుల రికార్డు) చూసుకోవాలి, వారం వారం మారాలి. మార్చకపోతే కోడ్ బాగా వచ్చిన విద్యార్థే సెమిస్టర్ అంతా రాస్తాడు, మిగతా ఇద్దరు బండి మోస్తారు.

ఏ భాగాలు కొనాలి? ఒక్కో బండికి ఎంత అవుతుంది?

రూ. 2,500 నుంచి 3,500 మధ్య అవుతుందని లెక్క వేసుకోండి. దుకాణాన్ని బట్టి, ఎన్ని కొంటున్నారన్నదాన్ని బట్టి ధర మారుతుంది.

మెదడుగా ఈఎస్‌పీ32 బోర్డు చాలు. రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్ వేగం, 520 కేబీ ర్యామ్, వైఫై అన్నీ అందులోనే ఉన్నాయి, పైగా మైక్రోపైథాన్ నడుస్తుంది. థానీ అనే ఎడిటర్‌లో ఒక్కో లైను కొడుతూ మోటారు తిరగడం, సెన్సర్ అంకె మారడం అప్పటికప్పుడు చూడొచ్చు. ఏఐ క్లాసులో సీ భాషతో కుస్తీ పట్టే అవసరం లేదు.

మోటార్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. పసుపుపచ్చ బీఓ మోటార్లు చవకే, 65 మిల్లీమీటర్ల చక్రంతో వస్తాయి. చక్రం ఎంత తిరిగిందో పల్సులుగా లెక్కపెట్టే 20 గాట్ల ఎన్‌కోడర్ చక్రం తగిలిస్తే దాని లెక్క ఇలా ఉంటుంది. చుట్టుకొలత 204 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో పల్స్‌కు 10.2 మిల్లీమీటర్లు. రెండు చక్రాల మధ్య దూరం 13 సెంటీమీటర్లయితే, ఉన్నచోటే 90 డిగ్రీలు తిరగడానికి ఒక్కో చక్రం 102 మిల్లీమీటర్లు, అంటే పది పల్సులు తిరగాలి. రెండు చక్రాల్లోనూ ఒక్కో పల్స్ తేడా వస్తే 9 డిగ్రీలు తప్పినట్టే. ఆ తప్పుతో 60 సెంటీమీటర్లు ముందుకు పోతే బండి తొమ్మిది సెంటీమీటర్లకు పైగా పక్కకు జరిగి ఉంటుంది. 1:100 గేరుతో, మోటారు చుట్టుకు 7 పల్సులిచ్చే ఎన్20 ఎన్‌కోడర్ మోటారు తీసుకుంటే చక్రం ఒక చుట్టుకు 700 పల్సులు. 43 మిల్లీమీటర్ల చక్రంతో ఒక్కో పల్స్ 0.2 మిల్లీమీటర్ల లోపే. ధర ఎక్కువే, కానీ లొకలైజేషన్ (బండి తానెక్కడుందో కనుక్కోవడం), ప్లానింగ్ పాఠాలన్నీ దీని మీదే నిలబడతాయి.

మోటార్ డ్రైవర్‌గా అందరూ ఎల్298ఎన్ కొంటారు. అది పాత రకం, దాదాపు రెండు వోల్టులు తనలోనే పోగొట్టుకుని వేడెక్కుతుంది. టీబీ6612 తీసుకోండి. ఒక్కో మోటారుకు 1.2 ఆంపియర్లు నిలకడగా ఇస్తుంది, ఎన్20లకు అది చాలు. ఇక అయిదు కళ్ల ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైన్ సెన్సర్, హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్, రెండు 18650 సెల్స్, వాటికి రక్షణగా టూ-ఎస్ బీఎంఎస్, 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్, క్యాస్టర్ చక్రం, 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ చాసిస్. మొత్తం ల్యాబ్‌కు కనీసం రెండు మల్టీమీటర్లు, ఒక సోల్డరింగ్ స్టేషన్ ఉండాలి.

హైదరాబాద్‌లో ఇవి ఎక్కడ దొరుకుతాయి?

విడిభాగాలకు కోఠీలోని గుజరాతీ గల్లీ. రెసిస్టర్లు, కెపాసిటర్లు, కనెక్టర్లు, వైర్లు అక్కడే చూసి కొనడం మంచిది. నట్లు, బోల్టులు, స్పేసర్లకు రాణిగంజ్. ఈఎస్‌పీ32, ఎన్20 మోటార్ల వంటివి పన్నెండు బండ్లకు సరిపడా ఒకే రకం కావాలంటే ఆన్‌లైన్‌లో ఒకే ఆర్డరులో తెప్పించండి. అంగడిలో ఈ వారం దొరికిన మోటారు, వచ్చే నెల దొరికిన మోటారు చూడటానికి ఒకేలా ఉన్నా గేరు నిష్పత్తి వేరుగా ఉండొచ్చు. అప్పుడు ఒక బండికి రాసిన అంకెలు ఇంకో బండికి సరిపోవు. చాసిస్ కోతకు లేజర్ కటింగ్ దుకాణాలున్నాయి. పెద్ద ప్రోటోటైప్ పని ఉంటే 2023 మార్చిలో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్‌ను అడగొచ్చు.

రెడీమేడ్ కిట్లు కొనకూడదా?

కొనొచ్చు, కానీ మూడు విషయాలు చూసుకోండి: ఎన్‌కోడర్ ఉందా, పైథాన్‌తో నడుస్తుందా, ఒక మోటారు కాలిపోతే అదొక్కటే దొరుకుతుందా. బ్లాకులు లాగి వదిలే యాప్‌తో మాత్రమే పనిచేసే కిట్టు డిగ్రీ స్థాయికి పనికిరాదు.

మొదటి ల్యాబ్‌లో ఏం చేయించాలి?

చతురస్రం. ఒక మీటరు భుజంతో బండిని ఒక చుట్టు నడిపి, మొదలుపెట్టిన చోటికి ఎంత దగ్గరగా వచ్చిందో టేపుతో కొలవాలి. అయిదు సార్లు గడియారం తిరిగే దిశలో, అయిదు సార్లు దానికి ఎదురు. ఆగిన చోట్లన్నీ గ్రాఫ్ పేపరు మీద చుక్కలుగా పెట్టించండి. చుక్కలన్నీ ఒకే మూల గుమిగూడితే అది క్రమమైన తప్పు: చక్రాల వ్యాసంలో తేడానో, చక్రాల మధ్య దూరం తప్పుగా కొలవడమో. అంకె మారిస్తే పోతుంది. చెల్లాచెదురుగా పడితే అది జారుడు, నేల తీరు, అంటే యాదృచ్ఛిక తప్పు. దాన్ని మార్చలేం, లెక్కలోకి తీసుకోవాలి. రెండు దిశల్లోనూ ఎందుకంటే, చక్రాల వ్యాసం తప్పూ మధ్య దూరం తప్పూ ఒక దిశలో ఒకదాన్నొకటి కప్పేసుకోగలవు. బోరెన్‌స్టీన్, ఫెంగ్ పెట్టిన యూఎంబీమార్క్ పరీక్ష సారమిదే. ఈ గ్రాఫును దాచి ఉంచండి, సంభావ్యత పాఠం వచ్చినప్పుడు మళ్లీ కావాలి.

ఏ-స్టార్‌ను బండితో ఎలా చెప్పాలి?

నేలే గ్రిడ్డు. చాలా ల్యాబుల్లో రెండడుగుల పలకలే ఉంటాయి, అంటే 60 సెంటీమీటర్ల గడి. 5×5 గడులు తీసుకుని నాలుగైదింటిలో అట్టపెట్టెలు పెట్టండి. మొదట పుస్తకంలో ఉన్నట్టే రాయించండి: గడికి ఖర్చు 1, హ్యూరిస్టిక్‌గా (గమ్యం ఇంకెంత దూరమన్న అంచనా) మన్‌హటన్ దూరం, అంటే అడ్డం, నిలువు గడుల మొత్తం. ప్రోగ్రాము తరచూ మెట్లు మెట్లుగా ఉండే దారి ఇస్తుంది. దాని లెక్కలో మెట్ల దారీ, ఒకే మలుపున్న దారీ సమానమే.

ఇప్పుడు స్టాప్‌వాచ్ ఇవ్వండి. గడి దాటడానికి 3 సెకన్లు, 90 డిగ్రీల మలుపుకు 2 సెకన్లు పడుతుందనుకుందాం. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఎనిమిది గడులు. ఒక్క మలుపుతో 26 సెకన్లు, ఏడు మలుపుల మెట్ల దారిలో 38 సెకన్లు. ప్రతి మలుపులోనూ కోణం తప్పు కలుస్తుంది కాబట్టి మెట్ల దారిలో బండి గమ్యం చేరే అవకాశం కూడా తక్కువ. విద్యార్థులు తమంతట తామే "మలుపుకూ ఖర్చు పెట్టాలి సార్" అంటారు. పెట్టాలంటే స్థితిలో గడి ఒక్కటీ చాలదు, బండి ఎటు చూస్తోందో కూడా ఉండాలి. 25 గడులు, నాలుగు దిక్కులు, 100 స్థితులు. స్థితిని మనమే నిర్ణయిస్తామన్న సంగతి ఇక్కడ ఎక్కినంతగా ఇంకెక్కడా ఎక్కదు. ఈ ల్యాబ్‌కు రెండు వారాలు ఇవ్వండి.

హ్యూరిస్టిక్ కూడా ఇక్కడే తేలిపోతుంది. గడికి ఖర్చు 3 అయ్యాక మన్‌హటన్ దూరాన్ని 3తో గుణించాలి. గుణించడం మరిచిపోతే దారి సరైనదే వస్తుంది, కానీ తెరిచి చూసిన స్థితుల సంఖ్య పెరుగుతుంది. 5తో గుణిస్తే తక్కువ స్థితులతో ముగుస్తుంది, కానీ దొరికిన దారి అన్నిటికన్నా చవకైనది కాకపోవచ్చు. మూడింటినీ నడిపి, స్థితుల లెక్కనూ దారి ఖర్చునూ పక్కపక్కన రాయించండి.

బేయెస్ సూత్రాన్ని ఎలా?

కొత్త రీడింగును బట్టి పాత అంచనాను సవరించే సూత్రమిది. అయిదు గడుల వరుస వేయండి. మొదటి రెండు గడుల్లో నల్ల టేపు, మిగతా మూడు తెలుపు. బండిని ఎక్కడ పెట్టారో ప్రోగ్రాముకు చెప్పొద్దు, కాబట్టి ఒక్కో గడికి 0.2. సెన్సర్ నల్ల గడి మీద "నలుపు" అనే అవకాశం 0.8, తెల్ల గడి మీద పొరపాటున "నలుపు" అనే అవకాశం 0.3 అనుకోండి. రీడింగు "నలుపు" వచ్చింది. నల్ల గడులకు 0.2×0.8, అంటే 0.16 చొప్పున. తెల్ల గడులకు 0.2×0.3, అంటే 0.06 చొప్పున. అన్నీ కలిపితే 0.5. దానితో భాగిస్తే నల్ల గడులకు 0.32, తెల్లవాటికి 0.12. ఇది ముందు కాగితం మీద చేయాలి, తర్వాత బండి చేయాలి.

ఆ 0.8, 0.3 పుస్తకం నుంచి తీసుకోకూడదు. బండిని నల్ల గడి మీద పెట్టి వంద రీడింగులు, తెల్ల గడి మీద వంద రీడింగులు తీయించి లెక్క కట్టించండి. ఆ తర్వాత కదలికను కలపాలి: "ఒక గడి ముందుకు" అన్నప్పుడు నిజంగా ఒక గడి కదిలే అవకాశం ఎంత, కదలకుండా ఉండిపోయే అవకాశం ఎంత, రెండు గడులు పోయే అవకాశం ఎంత. మొదటి ల్యాబ్ గ్రాఫు ఇక్కడ పనికొస్తుంది. చూసిన ప్రతిసారీ నమ్మకం ఒకచోట పోగవుతుంది, కదిలిన ప్రతిసారీ పలచబడుతుంది. లాగ్‌లో ఇది కనిపించాక పార్టికిల్ ఫిల్టర్ (స్థానాన్ని చాలా ఊహల గుంపుగా అంచనా వేసే పద్ధతి) చెప్పడం తేలిక.

రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ నిజం బండి మీద సాధ్యమేనా?

ఏ స్థితిలో ఏ చర్య మంచిదో బహుమతులను బట్టి బండి తానే నేర్చుకునే పద్ధతి ఇది. పట్టిక చిన్నదైతే సాధ్యమే. మధ్య మూడు ఐఆర్ కళ్లు తీసుకుంటే 8 స్థితులు. ఎడమకు వంగుతూ ముందుకు, తిన్నగా ముందుకు, కుడికి వంగుతూ ముందుకు: 3 చర్యలు. ఏ స్థితిలో ఏ చర్య ఎంత మంచిదో రాసుకునే క్యూ పట్టికలో మొత్తం 24 అంకెలు. 200 మిల్లీసెకన్లకో నిర్ణయం చొప్పున పది నిమిషాల్లో 3,000 సవరణలు అవుతాయి. ఆల్ఫా (నేర్చుకునే వేగం) 0.3, గామా (రాబోయే బహుమతులకిచ్చే విలువ) 0.9 పెట్టండి; ఎప్సిలాన్ (యాదృచ్ఛికంగా ప్రయత్నించే వంతు) 0.3తో మొదలుపెట్టి 0.05 దాకా తగ్గించండి. మధ్య కన్ను గీత మీద ఉంటే +1, మూడు కళ్లూ తెలుపు చూస్తే −5.

మూడు చోట్ల తప్పుతుంది. ఒకటి, చర్యల్లో "ఉన్నచోటే తిరుగు" పెడితే బండి గీత మీదే అటూ ఇటూ ఊగుతూ +1లు పోగేసుకోవడం నేర్చుకుంటుంది. బహుమతి ఎలా రాశామో అదే నేర్చుకుంటుంది అన్న పాఠానికి దీన్ని ఒకసారి కావాలనే చేసి చూపించండి. రెండు, గీత తప్పిన బండిని చేత్తో తెచ్చి మళ్లీ పెడతారు. అక్కడితో ఎపిసోడ్ (ఒక ప్రయత్నం) ముగిసిందని కోడ్‌లో రాయకపోతే, "గీత తప్పితే మళ్లీ గీత మీదికి వస్తాను" అని పట్టికలో ఎక్కుతుంది. మూడు, మూడు కళ్లూ తెలుపు చూసినప్పుడు గీత ఎడమన పోయిందో కుడిన పోయిందో ఆ స్థితిలో లేదు. చివరగా ఏ వైపు కనిపించిందన్నది కలిపితే 16 స్థితులు, 48 అంకెలు. తర్వాత జరిగేది చెప్పడానికి ఇప్పటి స్థితి ఒక్కటే చాలాలనే మార్కోవ్ లక్షణం అంటే ఏమిటో దీనికన్నా సూటిగా చెప్పలేం.

కెమెరా, న్యూరల్ నెట్‌వర్క్‌ల సంగతి?

ఈఎస్‌పీ32-క్యామ్ చవక, కానీ చాలా మోడళ్లకు యూఎస్‌బీ ఉండదు. ప్రోగ్రాము ఎక్కించడానికి యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ కావాలి, జీరో పిన్నును గ్రౌండ్‌కు కలిపి రీసెట్ నొక్కాలి, ఎక్కాక తీసేయాలి. పిన్నులు తక్కువ కాబట్టి బండి నడిపే బోర్డు వేరుగా ఉంచి, క్యామ్ నుంచి ఫలితం సీరియల్ వైరు మీద పంపించండి. మొదటి ఏడాది ఇంత కష్టం వద్దనుకుంటే, బొమ్మలు వైఫై మీద ల్యాప్‌టాప్‌కు పంపి మోడల్‌ను అక్కడే నడపండి.

"ఎడమ", "కుడి", "ఆగు" అనే మూడు కార్డులు, ఏ కార్డూ లేని నాలుగో తరగతి. తరగతికి 200 బొమ్మలు, 96×96 బూడిదరంగులో. ఇక్కడ మోడల్ కన్నా డేటా ముఖ్యం. ఒకే వరుసలో తీసిన బొమ్మలను కలగాపులగం చేసి శిక్షణకూ పరీక్షకూ పంచితే, దాదాపు ఒకే బొమ్మ రెండు వైపులా ఉంటుంది. లెక్కలో 99 శాతం చూపించి, బండి ఎక్కాక తడబడుతుంది. పంచాల్సింది బొమ్మలను కాదు, తీసిన సందర్భాలను. ఉదయం కిటికీ వెలుగులో తీసినవి శిక్షణకు, సాయంత్రం ట్యూబులైటు కింద తీసినవి పరీక్షకు. అంకె పడిపోతుంది, నిజమైన అంకె అదే.

సిమ్యులేటర్ ఒక్కటే చాలదా? రాస్ 2 నేర్పాలా?

సిమ్యులేటర్ తప్పనిసరి, ఒక్కటే అయితే చాలదు. వీబాట్స్ అనే సిమ్యులేటర్ 2018 చివర్లో ఓపెన్ సోర్స్ అయింది, విండోస్ మీద కూడా నడుస్తుంది, పైథాన్ కంట్రోలర్లు రాయొచ్చు. చక్రానికి జారుడు, సెన్సర్‌కు నాయిస్ ముందే పెట్టి ఇవ్వండి. లేకపోతే అక్కడ రాసిన కోడ్ నేల మీద నిలవదు.

రోబో ప్రోగ్రాములు రాయడానికి వాడే సాఫ్ట్‌వేర్ వేదిక రాస్ 2ను మూడో ఏడాది చివరకో, నాలుగో ఏడాది ప్రాజెక్టులకో ఉంచండి. తొలి ఏఐ కోర్సులో పెడితే సెమిస్టర్‌లో సగం ఇన్‌స్టాలేషన్‌కే పోతుంది. పెట్టేవాళ్లు కూర్పులు కలపకూడదు: ఉబుంటు 22.04కు హంబుల్, 24.04కు జాజీ. రాస్ 1 చివరి కూర్పు నోయెటిక్‌కు మద్దతు 2025 మేలో ముగిసింది, పాత ట్యుటోరియల్స్ చూసి దాన్ని పెట్టకండి.

ల్యాబ్‌లో మాటిమాటికీ వచ్చే తిప్పలు ఏవి?

మోటార్లు కదలగానే బోర్డు రీసెట్ అవుతుంటే కారణం కరెంటు. ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, సీరియల్ తెర మీద "బ్రౌనవుట్" అని కనిపిస్తుంది. మోటార్ల సరఫరా దగ్గర 470 నుంచి 1,000 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెట్టండి, మోటారు కాళ్ల మధ్య 104 సెరామిక్ కెపాసిటర్ సోల్డర్ చేయండి. బోర్డుకు బక్ కన్వర్టర్ నుంచి వేరే వైరు తీయండి. గ్రౌండ్ మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. అది మరిచిపోతే బోర్డు మాట డ్రైవర్‌కు చేరదు.

మోటార్లు అసలు కదలకపోతే టీబీ6612 మీద స్టాండ్‌బై పిన్ను చూడండి, దానికి 3.3 వోల్టులు అందాలి.

లైన్ సెన్సర్ నిన్నటిదాకా బాగుండి, వైఫై కలపగానే తిక్క అంకెలు ఇస్తే, దాన్ని ఈఎస్‌పీ32 రెండో ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) పిన్నులకు కలిపి ఉంటారు. వైఫై నడిచేటప్పుడు ఆ పిన్నులు అనలాగ్ రీడింగులకు పనికిరావు. 32 నుంచి 39 దాకా ఉన్న పిన్నులకు మార్చండి.

అల్ట్రాసోనిక్ ఎకో పిన్ను 5 వోల్టులు పంపుతుంది, ఈఎస్‌పీ32 పిన్ను తట్టుకునేది 3.3. ఎకో నుంచి బోర్డు పిన్నుకు 1 కిలో ఓమ్, ఆ పిన్ను నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెడితే సరిపోతుంది. ఒక పింగ్‌కూ ఇంకో పింగ్‌కూ 60 మిల్లీసెకన్లు ఎడం ఇవ్వండి. పది బండ్లు ఒకే గదిలో పింగ్ చేస్తే ఒకదాని ప్రతిధ్వని ఇంకోదానికి వినిపిస్తుంది, కాబట్టి వంతులు వేయండి లేదా కొన్ని రీడింగులను వరుసలో పెట్టి మధ్యలోనిది తీసుకోండి. ఏటవాలు గోడలు, కర్టెన్లు కనిపించకుండా పోతాయి. ఎండాకాలంలో ఇంకో తేడా ఉంటుంది. శబ్ద వేగం 20 డిగ్రీల్లో సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల్లో దాదాపు 355. ఏసీ లేని గదిలో మే నెలలో మీటరు దూరాన్ని బండి మూడున్నర సెంటీమీటర్లు తక్కువగా చెబుతుంది. సెన్సర్ పాడైందని పారేయకండి, సూత్రంలో ఉష్ణోగ్రత కలపండి.

ఐఆర్ కళ్లకు కిటికీ ఎండ శత్రువు. మధ్యాహ్నం బ్యాచ్‌కు పనిచేసి ఉదయం బ్యాచ్‌కు పనిచేయకపోతే ముందు కర్టెన్ వేసి చూడండి. మెరిసే నేల మీద కూడా ఇదే గొడవ. పాత ఫ్లెక్స్ బ్యానర్‌ను తిరగేసి, మెరుపు లేని వైపు మీద కరెంటు పనికి వాడే నల్ల టేపు అతికిస్తే మంచి ట్రాకు. మార్కర్‌తో గీత గీయకండి. కొన్ని నల్ల సిరాలు కంటికి నలుపే గానీ ఐఆర్‌కు కనిపించవు.

కాలేజీ వైఫైలో లాగిన్ పేజీ ఉంటే ఈఎస్‌పీ32 దానికి కలవలేదు. 2.4 గిగాహెర్ట్జ్ రౌటర్ ఒకటి ల్యాబ్‌కు విడిగా పెట్టండి.

వదులు జంపర్ వైర్లు ఇవన్నీ కలిపినంత సమయం తినేస్తాయి. బండి ఒకసారి సరిగ్గా నడిచాక కనెక్టర్లు సోల్డర్ చేసేయండి.

బ్యాటరీల విషయంలో ఏం జాగ్రత్తలు?

18650 సెల్ నిండితే 4.2 వోల్టులు. 3 వోల్టుల కన్నా కిందికి దిగనివ్వొద్దు. బీఎంఎస్ లేకుండా బండికి ఎక్కించవద్దు. 9,900 ఎంఏహెచ్ అని ముద్రించి చవగ్గా అమ్మే సెల్స్ కొనకండి, ఆ సైజు సెల్‌లో అంత పట్టదు. ఛార్జింగ్ మనుషులు ఉన్నప్పుడే, మంట అంటుకోని బల్ల మీదే, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని చేయాలి. రాత్రంతా ప్లగ్గులో వదిలేయకూడదు. ఉబ్బిన, సొట్టపడ్డ, కవరు చిరిగిన సెల్‌ను వెంటనే పక్కన పెట్టి ఈ-వేస్ట్‌కు ఇవ్వండి. వోల్టేజీ పాఠాన్ని కూడా ప్రభావితం చేస్తుంది: 8.4 వోల్టుల దగ్గర నేర్చుకున్న క్యూ పట్టిక 7.2 దగ్గర తడబడుతుంది. మోటార్లకు పీడబ్ల్యూఎం (ఇచ్చే విద్యుత్తు వంతు) కాకుండా ఎన్‌కోడర్ వేగాన్ని లక్ష్యంగా ఇస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. ప్రతి లాగ్ మొదటి వరుసలో వోల్టేజీ రాయించండి.

విద్యార్థులు చాట్‌బాట్‌తో కోడ్ రాయించుకుంటున్నారు. మార్కులు ఎలా వేయాలి?

రాయించుకోనివ్వండి, మార్కులు వేరే చోట పెట్టండి. 30 మార్కుల్లో బండి నడిచినందుకు 5, రికార్డుకు 5, లాగ్‌కూ దాని గ్రాఫుకూ వివరణకూ 10, మార్చిన పరిస్థితిలో వైవాకు 10 బాగా పనిచేసే పంపకం. వైవాలో చక్రం తీసి వేరే వ్యాసమున్నది పెట్టి ఏ అంకె మారాలో అడగండి. ఒక ఐఆర్ కంటికి టేపు అతికించి ఏం జరుగుతుందో బండి నడపకముందే చెప్పమనండి. లాగ్‌లో ఒక వింత వరుస చూపించి ఆ క్షణంలో నేల మీద ఏం జరిగి ఉంటుందో అడగండి. తన బండిని తానే నడిపిన విద్యార్థి వీటికి జవాబు చెబుతాడు, మిగతావాళ్లు తడుముకుంటారు. బండి నడవకపోయినా, ఎందుకు నడవలేదో లాగ్‌తో చూపించినవారికి మంచి మార్కులు రావాలి. ఇది మొదటి రోజే క్లాసులో చెప్పండి. లేకపోతే మార్కుల కోసం ఒకే ఒక్క మంచి పరుగు వీడియో తీసి తెస్తారు.

మాకు ఎలక్ట్రానిక్స్ రాదు. మొదలుపెట్టగలమా?

మల్టీమీటర్ చూడటం, సోల్డరింగ్, బక్ కన్వర్టర్ సర్దడం వస్తే చాలు. ఈసీఈ విభాగం ల్యాబ్ అసిస్టెంట్ సాయం తీసుకుని సెలవుల్లో రెండు బండ్లు మీ చేతులతో కట్టండి. ఐఐటీ బాంబేలోని ఈ-యంత్ర కార్యక్రమం కాలేజీల్లో రోబోటిక్స్ ల్యాబులు పెట్టించడం, అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడం, విద్యార్థులకు పోటీలు నడపడం చేస్తుంది. మీ కాలేజీ అందులో చేరే వీలుందేమో కనుక్కోండి.

సెమిస్టర్ అయ్యాక బండ్లను ఎలా ఉంచాలి?

సెల్స్ తీసి, ఒక్కోటి 3.7 వోల్టుల దగ్గర ఉంచి వేరే డబ్బాలో పెట్టండి. ప్రతి బండికీ అంకె రాసి, దాని చక్రాల వ్యాసం, మధ్య దూరం, నలుపు-తెలుపు రీడింగుల హద్దు ఒక చీటీ మీద రాసి చాసిస్‌కే అతికించండి. క్యాస్టర్‌లో, ఇరుసుల్లో చుట్టుకున్న దారాలు, వెంట్రుకలు తీసేయండి. రెండు చక్రాల్లో ఒకటి బరువుగా తిరగడానికి చాలాసార్లు అవే కారణం. టైర్లను తడిబట్టతో తుడవండి. కొత్త సెమిస్టర్ మొదటి వారం చతురస్రం పరీక్ష మళ్లీ నడిపి, పాత చీటీతో పోల్చి, తేడా ఎక్కువగా ఉన్న బండ్లను ముందే పక్కకు తీయండి.